బ్లీచులో పడ్డ పద్నాలుగు చొక్కాలు

నాకు నోరెక్కువ. ఊళ్ళో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు కనక నేనే ముందు చెప్పేస్తున్నాను. కోపం వచ్చిందంటే ఎదురుగా ఉన్నది పాస్టరుగారా, పందిపిల్లా అని చూడను. తర్వాత కూర్చుని బాధపడతాను, అది వేరే సంగతి. చెయ్యి మాత్రం మంచిది. సవాయీ దీవికి ఈ కొసన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఉన్నది నా ఒక్కదానికే. ఆక్లాండ్‌లో ఉండే మా అన్నయ్య ఎవరో పాతది అమ్మేస్తుంటే కొని, దుప్పట్లలో చుట్టి ఓడలో పంపించాడు. దానికి ఒకటే సూది. రంగు మారాల్సినప్పుడల్లా ఆగిపోయి కీచుమని అరుస్తుంది. నేను రీలు మార్చి, దారం ఎక్కించి, మీట నొక్కితే మళ్ళీ బయల్దేరుతుంది. పట్నంలో వాళ్ళకి పదిహేను సూదుల మిషన్లున్నాయట. ఉండనీ, నాకేం.

అక్టోబరు రెండో ఆదివారం మాకు పిల్లల పండగ. ఆ రోజు చర్చిలో పాటలూ వాక్యాలూ నాటకాలూ అన్నీ పిల్లలవే, పెద్దవాళ్ళం నోరు మూసుకుని కూర్చోవాలి. ఇంటికొచ్చాక కూడా పిల్లల్నే ముందు కూర్చోబెట్టి, కన్నవాళ్ళు నిలబడి వడ్డించాలి. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళు తిన్నాక ఇంటి పెద్దలు, పెద్దలు తిన్నాక పిల్లలు తినే ఇళ్ళు మావి. అందుకే ఆ ఒక్కరోజంటే పిల్లలకి వారం ముందు నుంచీ కాలు నిలవదు. అందరికీ కొత్త బట్టలు, అన్నీ తెలుపే.

ఆ తెలుపు మీద రంగుల అక్షరాలు కుడతానని ఈ ఏడు నేనన్నాను. గుండెల మీద విల్లులా వంగి 'పిల్లల ఆదివారం శుభం' అని ఏడు రంగుల్లో, కింద చిన్న పూలతీగ. పాస్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. తెల్లబట్టలంటే తెల్లగానే ఉండాలి, ఇది చర్చి, బస్సు కాదు అంది. మా బస్సుల మీద రంగుల రాతలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకి ఆవిడ ఎంత మాటందో అర్థమవుతుంది. నేనూ ఊరుకోలేదు. ఒక గుడ్డముక్క మీద కుట్టి తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పడేశాను. ఆవిడ దాన్ని వెలుతురులోకి తిప్పింది, వేలితో రాసింది, వెనక్కి తిప్పి కుట్టు చూసింది. సండే స్కూల్లో పిల్లలు పద్నాలుగు మంది, పద్నాలుగూ చెయ్యగలవా అని అడిగింది. ఇంటికొచ్చే దారంతా నేను నడిచానో గంతులేశానో నాకే తెలీదు.

అసలు సంగతి ఇంకొకటుంది. నాకు పిల్లల్లేరు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండు పిల్లల పండగలు వాళ్ళ పిల్లలకీ వీళ్ళ పిల్లలకీ మంచినీళ్ళందిస్తూ గడిపాను. గరిటె పట్టుకుని 'ఇది నా పిల్ల' అని ఒక్క పిల్ల ముందు నిలబడలేదు. ఈ ఏడు జులైలో మా ఆడపడుచు వయోలా తన మూడో కూతురు మరేటాని తీసుకొచ్చి మా ఇంట్లో దింపింది. అవతలి దీవిలో, అపియా పట్నంలో ఉండే వాళ్ళకి ఆరుగురు పిల్లలు. ఒకరి పిల్లని ఇంకొకరు పెంచుకోవడం మా వాళ్ళలో మామూలే. కానీ వయోలా తెలివైంది. పిల్లల పండగకి వస్తాను వదినా, దానికి ఇక్కడ బాగుందనిపిస్తే ఉంచేస్తాను, లేదంటే సోమవారం ఓడకి నాతో తీసుకుపోతాను అని కచ్చితంగా చెప్పి వెళ్ళింది.

మరేటాకి ఎనిమిదేళ్ళు. మూడు నెలల్లో నాతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవునంటే కనుబొమలెత్తుతుంది, కాదంటే కిందకి చూస్తుంది, అంతే. వాళ్ళ అమ్మమ్మతో, అంటే మా అత్తగారు లోసాతో, గుసగుసలాడుతుంది, నవ్వుతుంది కూడా. నేను గదిలోకి వస్తే ఆగిపోతుంది. నా గొంతుకి భయపడుతోందని తెలుస్తూనే ఉంది. తగ్గించుకుందామని పొద్దున్నే అనుకుంటాను, మధ్యాహ్నానికి కోడి పెట్ట మీదో మా ఆయన మీదో అరిచేస్తాను. పద్నాలుగు చొక్కాల్లో ఒకటి ఆ పిల్లదే. ఆ చొక్కా వేసుకుని అందరిలో నిలబడి, వాళ్ళమ్మని చూసి 'నేనిక్కడే ఉంటాను' అనాలి. నాకు కావలసింది అదొక్కటే.

దారాల కోసం అపియా వెళ్ళాను. పసుపు, ఆకుపచ్చ, నీలం ఇంట్లో ఉన్నాయి, గట్టి పాలిస్టర్ దారం. ఎరుపు, నారింజ, ఊదా, గులాబి కొనాలి. కొట్లో పాలిస్టర్ రీళ్ళ పక్కనే రేయాన్ రీళ్ళు పెట్టారు. ఆ మెరుపు చూసి మతిపోయింది నాకు. కొట్టావిడ మంచిది, ఇది బ్లీచు తగిలితే నిలవదమ్మా అని చెప్పింది. బ్లీచు ఎవరు వేస్తారు, కొత్త చొక్కాలే కదా అనుకుని నాలుగు రంగులూ రేయానే తెచ్చాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత జరిగిన రాద్ధాంతానికంతటికీ మూలం ఇదే.

రెండు వారాలు కుట్టాను. శుక్రవారం సాయంత్రానికి పద్నాలుగూ పూర్తయి, ఇంట్లో తాడు మీద వరసగా వేలాడుతుంటే దారిన పోయేవాళ్ళందరూ ఆగి చూశారు. మా ఇంటికి గోడల్లేవు, స్తంభాలే కదా, ఊరంతటికీ కనిపించింది. పొంగిపోయాను. మరేటా తన చొక్కా కింద నిలబడి తలెత్తి చూస్తోంది. బాగుందా అని అడిగితే కనుబొమలెత్తింది. రెండుసార్లు ఎత్తింది.

శనివారం పొద్దున్నే కోకో గింజలకీ ఐస్‌క్రీమ్ డబ్బాకీ సంతకి వెళ్ళి, తొమ్మిదిన్నర బస్సుకి తిరిగొచ్చాను. తాడు మీద ఏమీ లేదు. పెరట్లో మూడు తొట్లు, వాటి ముందు పీట మీద మా అత్తగారు, పక్కనే మరేటా. బ్లీచు వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది.

అరవై ఏళ్ళుగా ఆవిడ ప్రతి శనివారం చేసే పని అదే. ఆదివారం తెల్లబట్టలు బ్లీచులో నానేసి, జాడించి, కర్రపెండలం గంజి పెట్టి, ఎండలో ఆరేసి, నిలబెడితే నిలబడేలా ఇస్త్రీ చెయ్యడం. ఈ ఊళ్ళో ఏ ఇంటి ముసలావిడైనా అదే చేస్తుంది. కొత్త బట్టలో కొట్టు మురికి ఉంటుందని ఇంకో అరగంట ఎక్కువ నానేసిందట.

తొట్లో చెయ్యి పెట్టి ఒక చొక్కా పైకి లాగాను. పసుపు, ఆకుపచ్చ, నీలం చెక్కుచెదరలేదు. ఎరుపు ఉండాల్సిన చోట వెలిసిపోయిన చిగురు రంగు. నారింజ మట్టిరంగైంది. ఊదా, గులాబి పూర్తిగా పోయి తెల్లదారం మిగిలింది. 'శుభం' అన్న మాట ఉందో లేదో దగ్గరకొస్తే గాని తెలీదు. పద్నాలుగూ అంతే.

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆవిడ వయసు డెబ్బై ఆరు, నన్నేనాడూ కోడలని తేలిగ్గా చూడలేదు. అలాంటి మనిషిని కళ్ళు పోయాయా అన్నాను, నా పరువు తియ్యడానికే కాచుకున్నావన్నాను, ఇంకా చాలా అన్నాను. పక్కింటివాళ్ళు లేచి వచ్చారు. ఆవిడ తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విని, ఒకటే మాట అడిగింది.

"బ్లీచు వెయ్యొద్దని నువ్వు నాకు చెప్పావా, సెనెరీటా?"

చెప్పలేదు. చూస్తే పీట పక్కన మరేటా కూడా లేదు, రొట్టెపండు చెట్టు వెనక్కెళ్ళి నించుంది. చెట్టు పక్కనుంచి భుజం ఒకటి కనిపిస్తోంది. అయిపోయింది, పోయింది, సోమవారం ఓడ ఎక్కేస్తుంది అనుకున్నాను.

అక్కడే చతికిలబడి ఏడుద్దామనుకున్నాను. కానీ నా బుర్ర నోరు కన్నా కాస్త నయం, అది లెక్కలు మొదలుపెట్టింది. మూడు రంగులు బాగానే ఉన్నాయి. మిగతా నాలుగు రంగులే మళ్ళీ కుట్టాలి. మిషనుని ఏ రంగు దగ్గర్నుంచి మొదలుపెట్టమంటే అక్కణ్ణుంచి మొదలుపెడుతుంది. రీళ్ళలో దారం సరిపడా ఉంది. చొక్కాకి అరగంట, పద్నాలుగింటికి ఏడు గంటలు. ఇంటింటా సాయంత్రం ప్రార్థన చేసుకోమని ఊదే శంఖం ఆరున్నరకి. శనివారం ఆ శంఖం ఊదాక సోమవారం తెల్లారేదాకా మోటారుతో తిరిగేదేదీ ఊళ్ళో మోగకూడదని పెద్దల కట్టుబాటు. అంటే ఇప్పుడు జాడించి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, పదిన్నరకి మొదటి కుట్టు పడితే ఎనిమిది గంటలుంటాయి.

చాలు అన్నాను పైకే. అత్తయ్యా లే, మరేటా రా అని కేకేశాను. ఈసారి కేకలో కోపం లేదు, తొందర ఉంది. పిల్లకి తేడా తెలిసిందో లేదో గాని చెట్టు వెనకనుంచి బయటికొచ్చింది.

ఆ రోజు మా ఇల్లు చూడాల్సింది. మా ఆయన పౌలోకి ఇస్త్రీపెట్టె ఇచ్చి నిలబెట్టాను, జన్మలో మొదటిసారి. మా అత్తగారు చాపలల్లిన చేతులతో చొక్కాని ఫ్రేములో బిగించి ఇచ్చేది. ఎంత బిగువంటే, వేలితో కొడితే తప్పెటలా పలికేది. నేను రెండేళ్ళుగా ఫ్రేము బిగిస్తున్నాను, అంత బిగువు నాకెప్పుడూ రాలేదు. మరేటా గుట్టలోంచి ఒక్కో చొక్కా తెచ్చిచ్చి, అయిపోయినదాని మీద వేలాడే దారప్పోగులు చిన్న కత్తెరతో తెంపేది.

కష్టమంతా మొదటి కుట్టులోనే. కొత్త కుట్టు సరిగ్గా పాత కుట్టు మీదే పడాలి. వెంట్రుకవాసి తప్పినా అక్షరం రెండుగా కనిపిస్తుంది. చక్రాన్ని చేత్తో తిప్పి, సూదిని కిందకి దించి, పాత కన్నంలో దిగిందా లేదా అని కళ్ళు చిట్లించి చూడాలి. మొదటి చొక్కాకి పది నిమిషాలు దానికే పట్టింది. మీట నొక్కాను. టకటకటక మని ఎరుపు పాత గుర్తు మీదే పరుచుకుంటూ పోయింది. వెలిసిపోయిన అక్షరం కళ్ళముందే మళ్ళీ రంగు తెచ్చుకుంటుంటే నేను కూర్చున్నచోటే ఎగిరాను. మా అత్తగారు కూడా చప్పట్లు కొట్టింది. పొద్దున నేనన్న మాటలు అప్పటికి ఆవిడ మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నటించిందో నాకు తెలీదు. నేను క్షమించమనలేదు. అనాలని మాత్రం రోజంతా అనిపించింది.

మధ్యాహ్నానికి ఊరు మా ఇంట్లోనే ఉంది. తల్లులు ఒకరొకరే వచ్చి అరుగు అంచుల మీద కూర్చున్నారు. ఒకావిడ చేమదుంపలు ఉడికించి తెచ్చింది, ఒకావిడ కొబ్బరిబొండాలు. ఎవరిదైంది, ఇప్పుడెవరిది అని ఒకటే అడగడం. ఒక చొక్కా పూర్తయి మరేటా దారాలు తెంపి పైకెత్తి చూపిస్తే, ఆ చొక్కా తాలూకు తల్లి కేరింతలు కొట్టడం, మిగతావాళ్ళు నవ్వడం. పాస్టరమ్మ కూడా వచ్చింది. బ్లీచు సంగతి విని గంభీరంగా మొహం పెట్టి, తన ఇంట్లోనూ తెల్లబట్టలన్నీ పొద్దున్నే నానేశానని చెప్పింది. నవ్వాపుకోలేక కాసేపు మిషను ఆపాల్సొచ్చింది.

ఆరో చొక్కా దగ్గర కింది దారం చిక్కుపడి పిట్టగూడు కట్టింది. విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ ఎక్కించేసరికి అరగంట పోయింది. తొమ్మిదో చొక్కాకి సూది విరిగింది. రెండుసార్లూ నోటిదాకా వచ్చిన తిట్టుని మింగాను, ఎందుకంటే పక్కన కత్తెర పట్టుకుని ఆ పిల్ల నన్నే చూస్తోంది. మింగడం అంత తేలికేం కాదు. మా ఆయన ఇస్త్రీ ఆపి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

పదమూడోది పూర్తయ్యేసరికి ఆరైంది. మిగిలింది ఒకటే. కాలర్ లోపల పెన్సిల్‌తో రాసిన పేరు చూస్తే మరేటాది. ఎలా చివర పడిందో చూసుకోలేదు, గుట్టలో ఏది పైనుంటే అది ఇస్తోందనుకున్నాను. ముందే వెతికి తీసి ఉండాల్సింది, ఆ మాట తోచలేదు. తోచి ఉంటే కూడా, నా ఇంటి పిల్లది ముందు కుట్టుకున్నానని ఎవరైనా అంటారేమోనని జంకేదాన్నేమో. చేతులు పరిగెత్తించాను. ఎరుపు పూర్తయింది. నారింజ పూర్తయింది. ఊదా రీలు పెట్టి దారం ఎక్కిస్తున్నాను. ఊరి చివర శంఖం ఊదారు.

తల్లులందరూ లేచి ఎవరిళ్ళకి వాళ్ళు పరుగు. మా అత్తగారు అప్పటికే చాప మీద కూర్చుంది. ఎనిమిది నిమిషాలు చాలు నాకు. ఊరంతా కళ్ళు మూసుకుని పాట పాడుతుంటే మిషను చప్పుడు ఎవరికి వినిపిస్తుంది, వినిపించినా పంచాయతీలో జరిమానా కట్టుకుంటాను అనుకుని వేలు మీట మీద పెట్టాను. మరేటా వంగి, స్తంభం దగ్గర స్విచ్చి కట్టేసింది. నా వంక చూడకుండా వెళ్ళి వాళ్ళ అమ్మమ్మ పక్కన కూర్చుంది.

దానికి అక్షరాలు పూర్తవ్వాలని కూడా లేదు, వెళ్ళిపోవడానికి సిద్ధమైపోయింది అనుకున్నాను. ఆ సాయంత్రం ప్రార్థనలో ఏం పాడామో నాకు గుర్తులేదు.

రాత్రి భోజనాల వేళకి వయోలా బస్సు దిగింది. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసింది. అప్పటికి ఏమీ అడగలేదు.

ఆదివారం తెల్లవారింది. పద్నాలుగు మంది, గంజిపెట్టిన తెల్లబట్టలు, చెవుల వెనక మల్లెలు, రెండు వరసలుగా పాట పాడుతూ చర్చిలోకి వస్తుంటే నాకు ఒళ్ళంతా పులకరించింది. ఎండ కిటికీలోంచి పడి అక్షరాలు భగ్గుమన్నాయి. బల్లల మీద జనం మెడలు సాచారు. వెనక బల్ల మీది ముసలాయన ఒకాయన, ఇన్నాళ్ళకి అద్దాల్లేకుండా చదివానని పైకే అన్నాడు. పాస్టరమ్మ నా వైపు తిరిగి తలూపింది. అలాంటి తలూపు కోసం రెండేళ్ళు ఎదురుచూశాను. కానీ నా కళ్ళు రెండో వరసలో చివర నడుస్తున్న పిల్ల మీదే ఉన్నాయి. పదమూడు గుండెల మీద మాట నిండుగా ఉంది, ఆ పిల్ల గుండె మీద మాత్రం సగమే ఉంది. 'శుభం' అన్నచోట తెలుపు మీద తెలుపు.

దాని వంతు వచ్చింది. ముందుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వాక్యం మొత్తం ఒక్క ఊపులో అప్పజెప్పింది. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. పై కప్పుకి తగిలింది. మా అత్తగారు నా మోచెయ్యి గిల్లి, నీ దగ్గరే నేర్చుకుంది అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకున్నాను.

ఇంటికొచ్చాం. ఆకులు కప్పిన రాళ్ళపొయ్యి తెరిచారు. కాల్చిన పందిమాంసం, చేపలు, కొబ్బరిపాలల్లో ఉడికిన చేమాకులు. మా చుట్టాల పిల్లలు అయిదుగురు, మరేటా, చాప మీద వరసగా కూర్చున్నారు. తల్లులు ఎవరి పిల్లల ముందు వాళ్ళు నిలబడ్డారు. మరేటా ముందు వయోలా నిలబడింది. నేను అలవాటు ప్రకారం మంచినీళ్ళ కూజా తీసుకున్నాను.

వయోలా గరిటె ఎత్తింది, వడ్డించలేదు. కూతురి చొక్కా వైపే చూస్తోంది. పొద్దుటినుంచీ మనసులో పెట్టుకున్నట్టుంది.

"పద్నాలుగు మందిలో పద్నాలుగోది నా కూతురేనా వదినా?" అంది. గొంతు పెంచలేదు. "అందరి పిల్లలవీ నిండుగా ఉన్నాయి. నీ చేతిలో మిషను పెట్టుకుని, నీ ఇంట్లో ఉన్న పిల్లదే సగంలో వదిలేశావా? రేపు అన్నిట్లోనూ ఇంతేనా దీని గతి?"

టైము చాలలేదు అనొచ్చు. బ్లీచు అనొచ్చు. కానీ ఆవిడన్నది అబద్ధం కాదు. నేను చూసుకోలేదు. తల్లయితే చూసుకునేది. కూజాని రెండు చేతులా పట్టుకున్నాను.

"అత్తనేం అనకమ్మా," అంది మరేటా.

చర్చిలో పలికిన గొంతే. ఆ పిల్ల మూడు నెలల్లో అంత మందిలో నా గురించి నోరు తెరవడం అదే మొదలు.

"అత్త చివర పెట్టలేదు. నేనే పెట్టాను. అమ్మమ్మకి చొక్కాలు అందించింది నేనే కదా, నాది పైకొచ్చినప్పుడల్లా అడుక్కి తోశాను."

"ఎందుకే?" అంది వయోలా.

ఇంతమాత్రం తెలియకపోవడమేంటన్నట్టు చూసింది పిల్ల. "వాళ్ళంతా బయటివాళ్ళు గదమ్మా. వాళ్ళకి ముందు అవ్వాలి. మేం ఇంటివాళ్ళం, మాది ఆఖర్న."

గడ్డంతో నన్నూ వాళ్ళ అమ్మమ్మనీ చూపించి, అక్కడితో తన పని అయిపోయినట్టు పందిమాంసం వంక చూడటం మొదలుపెట్టింది.

వయోలా కూతుర్ని చూసింది, తన తల్లిని చూసింది. మా అత్తగారు విసనకర్రతో ఈగలు తోలుతూ ఎవరి వంకా చూడలేదు. తర్వాత వయోలా గరిటె తిప్పి, పిడి నా వైపు పెట్టి ఇచ్చింది. కూజా నా చేతుల్లోంచి తీసుకుంది.

నేను ఆ పిల్ల ముందు నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళు ఊరందరి పిల్లలకీ వడ్డించడం చూశాను గాని, ఎంత వెయ్యాలో తెలియలేదు. చేమదుంపలు నాలుగు, చేప ఒకటి, మాంసం గుట్టగా పోశాను. ఎక్కువైందత్తా అంది. తినవే అన్నాను. అరుపులాగే వచ్చింది ఆ మాట. ఆ పిల్ల బెదరలేదు, తినసాగింది.

ఐస్‌క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి మూతంతా పూసుకుని, చొక్కా మీద తెల్ల అక్షరాల్ని వేలితో తడుముకుంటూ అడిగింది.

"అత్తా, రేపు పొద్దున్న మిషను వెయ్యొచ్చు కదా? మిగతా రెండు రంగులూ కుట్టేద్దామా?"

నేను వయోలా వంక చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

వయోలా కూజాతో పిల్లల గ్లాసుల్లో నీళ్ళు పోస్తోంది. తలెత్తకుండానే, "ఓడ పదింటికి," అంది. "నన్ను ఎక్కించి వచ్చాక కుట్టుకోండి, మీ ఇద్దరూ."

నాకు కళ్ళు కనిపించలేదు. ఏడుస్తూనే ఆ పిల్ల గిన్నెలో ఇంకో గరిటెడు ఐస్‌క్రీమ్ వేశాను.